పగడానికి మడి

ఆ ఆదివారం ఉదయం సదాశివరావు పెట్టుకున్న పని ఒకటే. కూలర్‌లో నీళ్ళు పారబోసి, తడికెలు ఆరబెట్టి, దానికి పాత దుప్పటి చుట్టి బాల్కనీ మూలకు నెట్టడం. అక్టోబరు సగం దాటింది. ఢిల్లీ మునిర్కాలో ఆ వారం ప్రతి బాల్కనీలోనూ అదే పని జరుగుతోంది. అతను కూలర్ పంపు ఊడదీసి చేత్తో పట్టుకున్నప్పుడు ఫోన్ మోగింది.

ఫోన్‌లో భల్లా సాబ్. సదాశివరావు పని చేసే నెహ్రూ ప్లేస్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆయన యజమాని. ఆయన ఆదివారం పూట ఇంటికి ఫోన్ చేయడం అదే మొదలు. సదాశివరావు పంపు చేతిలో ఉండగానే లేచి నిలబడ్డాడు.

"రావ్ సాబ్, ఆప్ తో సముందర్ కే ఆద్మీ హై నా?"

సముద్రం మనిషివి కదా అని అడుగుతున్నాడు. సదాశివరావుది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం. అక్కడ వాన పడితే పేపర్లో వేస్తారు. అతను సముద్రాన్ని సినిమాల్లో తప్ప చూడలేదు. కానీ భల్లా సాబ్ గది గోడకు ఇండియా మ్యాపు ఉంది. అందులో ఆంధ్రప్రదేశ్ పక్కన నీలం రంగు పై నుంచి కింది దాకా ఉంది. ఆ మ్యాపును బట్టి ఆంధ్రావాళ్ళందరూ ఒడ్డున కూర్చుని ఉంటారని ఆయన అభిప్రాయం.

ఇంకో సంగతి కూడా ఉంది. కంపెనీ హైదరాబాద్‌లో బ్రాంచి తెరుస్తోంది. దానికి మేనేజర్‌ను దీపావళి తర్వాత భల్లా సాబే ఎంపిక చేస్తాడు. పోటీలో ఉన్నది ఇద్దరు, సదాశివరావు, సాయిప్రకాష్. సదాశివరావు ఢిల్లీ వచ్చి ఎనిమిదేళ్ళయింది. భార్య సుభాషిణి ఆ ఎనిమిదేళ్ళూ హైదరాబాద్ పేరే జపం చేస్తోంది. అలాంటి సమయంలో యజమాని అడిగినదానికి కాదని చెప్పే ఉద్యోగి ఇంకా పుట్టలేదు.

"జీ సర్," అన్నాడు సదాశివరావు.

భల్లా సాబ్ విషయానికి వచ్చాడు. వసంత్ విహార్‌లో ఆయన ఇంటికి పండగ ముందు రంగులు వేయిస్తున్నారు. ఆ వాసన ఆయన అక్వేరియంకు పడదు. ఆయన రెండు వారాలు జర్మనీ వెళుతున్నాడు. ఆ రెండు వారాలూ అక్వేరియం రావ్ సాబ్ ఇంట్లో ఉంటుంది. ముందు సాయిప్రకాష్‌నే అడిగాడట. సాయిప్రకాష్ విశాఖపట్నంలో బీచ్ రోడ్డుకు రెండు వీధుల అవతల పుట్టి పెరిగినవాడు. 'మాది వరంగల్ వైపు సార్. చేపను చూస్తే నాకు వాంతి వస్తుంది' అన్నాడట.

"టెంపో నికల్ చుకా హై," అన్నాడు భల్లా సాబ్. బండి బయలుదేరింది.

వచ్చింది నాలుగడుగుల గాజుతొట్టి. దానితో పాటు సముద్రపు నీటితో నింపిన డ్రమ్ములు, చేపలున్న సంచులు, కొన్ని రాళ్ళు. రాళ్ళ మీద గడ్డలు ఉన్నాయి. టిఫిన్ డబ్బా అంత జర్మన్ యంత్రం ఒకటి ఉంది. తొట్టిలో అలలు పుట్టించేది అదే. భల్లా సాబ్ డ్రైవరు అన్నీ అమర్చి, యజమాని చెప్పమన్న ముక్క ఒప్పజెప్పాడు. "పానీ హిల్‌తే రహ్‌నా చాహియే. పానీ రుకా, తో మూంగా మరా."

నీళ్ళు కదులుతూ ఉండాలి. నీళ్ళు ఆగితే మూంగా, అంటే పగడం, చస్తుంది.

సుభాషిణి వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఏందిది? మీ సారు ఇంట్లో రాళ్ళు పెట్టుకోను చోటు లేదా?"

"రాళ్ళు కాదే. పగడాలు. ప్రాణముండాది వాటికి."

"యాడుండాది? నాకు కనపళ్ళేదే."

"అది చస్తే మన హైదరాబాదు కూడా చచ్చినట్టే. ఆ మాట గుర్తు పెట్టుకో."

సుభాషిణి వంగి తొట్టిలోకి మళ్ళీ చూసింది. ఈసారి గౌరవంగా చూసింది. కూతురు ఇషిత బడిపుస్తకం మూసి వచ్చి, "పాపా, యే ఖాతా క్యా హై?" అని, అదేం తింటుందో అడిగింది. "చూసినారా, మనం తెలుగులో మాట్లాడుతుంటే ఇది హిందీలో అడుగుతాంది. హైదరాబాదు పోకుంటే దీనికి 'అమ్మ' అనే మాట కూడా రాదు," అంది సుభాషిణి.

సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ వచ్చింది. ఆ ఇంట్లో స్టెబిలైజర్ ఫ్రిజ్‌కు ఉంది. అక్వేరియంకు లేదు. జర్మన్ యంత్రం టప్పుమంది. దాని లోంచి పొగ వచ్చింది. నీళ్ళు ఆగాయి.

అలాంటి యంత్రం ఢిల్లీలో దొరకదు. జర్మనీలో దొరుకుతుంది, కానీ అక్కడికే ప్రస్తుతం భల్లా సాబ్ వెళుతున్నాడు. సదాశివరావు గరిటె తీసుకుని తొట్టిలో తిప్పడం మొదలుపెట్టాడు. గరిటె తిప్పుతూ చుట్టూ చూశాడు. బాత్‌రూమ్ బయట వాషింగ్ మిషన్ తిరుగుతోంది. లోపలి చక్రం ఎడమకు తిరిగింది. ఆగింది. కుడికి తిరిగింది. ఆగింది. నీళ్ళు ఇటు కొట్టి అటు కొట్టాయి. సముద్రాన్ని చూడని మనిషికి అలకు అంతకన్నా దగ్గరి పోలిక దొరకదు.

"ఆపు దాన్ని," అన్నాడు.

"బట్టలు సగంలో ఉండాయి."

"ఇంకో సగం చేత్తో ఉతుకు. రెండు వారాలు."

సుభాషిణి చీపురు కింద పెట్టింది. "ఏమన్నారు?"

"హైదరాబాదు," అన్నాడు సదాశివరావు. ఆ ఒక్క మాటకు ఆమె ప్లగ్గు తీసేసింది.

వాషింగ్ మిషన్ టైమర్ ఊడదీశాడు. దాన్ని చపాతీ పీటకు స్క్రూలతో బిగించాడు. టైమర్ ఎడమ అంటే ఒక పంపు తిరగాలి, కుడి అంటే ఇంకో పంపు తిరగాలి. అప్పుడు నీళ్ళు ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి వస్తాయి. పంపులు రెండు కావాలి. ఒకటి తన కూలర్‌ది చేతిలోనే ఉంది. రెండోదాని కోసం కింది అంతస్తుకు దిగాడు.

కింది అంతస్తులో ఛాయాదేవి ఉంటుంది. ఆమెది అమలాపురం. భర్త సెంట్రల్ గవర్నమెంటులో పెద్ద ఉద్యోగి. ఆయన ఫైళ్ళు చూస్తాడు, ఆమె జాతకాలు చూస్తుంది. ఆ కాలనీలో తెలుగువాళ్ళు ఇల్లు మారాలన్నా, పిల్లవాణ్ణి బడిలో వేయాలన్నా ముందు ఆమె దగ్గరికి వెళతారు.

"మా కూలర్ పంపా? ఈ చలికాలంలో ఎందుకండీ?"

"పగడాలకండీ," అన్నాడు సదాశివరావు. అబద్ధం ఆలోచించే ఓపిక అప్పుడతనికి లేదు.

"పగడాలకి కూలరేంటండీ, చోద్యం కాకపోతే!"

అతను విషయం చెప్పాడు. ప్రాణమున్న పగడాలు, నీళ్ళలో ఉన్నాయి, పెరుగుతాయి. ఛాయాదేవి వింటూ వింటూ తన ఉంగరం వేలు వైపు చూసుకుంది. పగడం కుజుడి రాయి. కుజదోషం ఉన్నవాళ్ళకు పగడపు ఉంగరం పెట్టుకోమని చెప్పడం ఆమెకు రోజూ ఉన్న పని. ఇంతకాలం ఆమె చెప్పింది చచ్చిన పగడం గురించి. బతికిన పగడం ఒకటి తన నెత్తిమీది గదిలో ఉందని ఆమెకు ఆ నిమిషంలో తెలిసింది. పంపు ఇచ్చింది. మారుమాట అడగలేదు.

అలలు వచ్చాయి. ఎడమ పంపు కొట్టేది, కుడి పంపు కొట్టేది, మధ్యలో రెండూ ఆగేవి. ఆ ఆగడంలో నీళ్ళు వెనక్కు వచ్చి గాజును కొట్టేవి. పావుగంటకు టైమర్ కిర్రుమని గంట కొట్టి ఆగిపోయేది. అది వాషింగ్ మిషన్ టైమర్. అంతకన్నా ఎక్కువసేపు ఉతికే బట్ట ఉండదని దాన్ని చేసినవాళ్ళ లెక్క. గంట మోగగానే ఇంట్లో ఎవరో ఒకరు పరుగెత్తి మరను తిప్పాలి. పగలంతా సుభాషిణి తిప్పేది, సాయంత్రం ఇషిత తిప్పేది. పడుకునేటప్పుడు ఒక పంపును నేరుగా ప్లగ్గుకు పెట్టేవాళ్ళు.

మంగళవారం సదాశివరావు ఆఫీసుకు తయారవుతుండగా ఛాయాదేవి వచ్చింది. పట్టుచీర కట్టింది. చేతిలో కుంకుమ భరిణె, పళ్ళెంలో కందులు, ఎర్ర జాకెట్టు గుడ్డ ఉన్నాయి. చెప్పులు మెట్ల దగ్గరే విడిచింది.

"కుజుడికి కందులు, ఎర్రబట్టా ప్రీతండీ. మంగళవారం కదా, ఒక్కసారి కళ్ళకద్దుకుని పోతాను," అంది. సదాశివరావు ఏదో అనేలోపు ఉంగరం వేలు నీళ్ళలో పెట్టింది.

"అయ్య బాబోయ్!"

ఆమె చెయ్యి ఎగిరింది. పళ్ళెం ఎగిరింది. కందులు సోఫా కిందికి పోయాయి. ఛాయాదేవి వేలిని ఎదురుగా పట్టుకుని చూస్తూ నిలబడింది. సుభాషిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"జిల్లుమందండీ. భుజం దాకా వచ్చింది," అంది ఛాయాదేవి. "ముప్ఫై ఏళ్ళుగా జాతకాలు చూస్తున్నాను. కుజుడు ఇలా వచ్చి చెయ్యి పట్టుకోవడం ఎరగనండీ."

సదాశివరావు లోపలికెళ్ళి టెస్టర్ తెచ్చాడు. నీళ్ళలో పెట్టాడు. టెస్టర్ వెలిగింది. కూలర్ పంపు మంచినీళ్ళ కోసం చేసింది. దాన్ని ఉప్పునీళ్ళలో ముంచితే కరెంటు కారుతుంది. నీళ్ళలోనే ఉన్న చేపలకు ఆ సంగతి తెలియదు. నేల మీద నిలబడి నీళ్ళు ముట్టుకున్నవాడికే తెలుస్తుంది. అతను గోడకున్న ప్లగ్గు విప్పి చూశాడు. ఎర్త్ రంధ్రం వెనక తీగ లేదు. మిగతా ప్లగ్గులూ విప్పాడు. ఆ ఇంట్లో ఏ ప్లగ్గుకూ ఎర్త్ తీగ లేదు. ఇల్లుగలాయనకు ఫోన్ చేస్తే, దీపావళి అయ్యాక చూద్దాం అన్నాడు.

"అది కరెంటండీ, ఛాయాదేవి గారూ. ముట్టుకోవద్దు, ప్రమాదం," అన్నాడు.

"మీరలా సైన్సులో చెప్పుకోండి. మాకు తెలిసిన పేరు మాకుంది," అని ఆమె మెట్లు దిగిపోయింది.

ఆమె అక్కకొడుకు ఉదయ్‌కిరణ్ కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్నాడు. మెయిన్స్ రాయడం మూడోసారి. పరీక్ష దగ్గర పడింది. కుజుడు బలంగా ఉంటే ఐపీఎస్ వస్తుందని పిన్ని ఎప్పుడో చెప్పి ఉంది. ఆ సాయంత్రమే వచ్చాడు.

"అంకుల్, ఒక్క నిమిషం. పిన్ని చెప్పింది," అని వేలు పెట్టాడు. కేక పెట్టాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "వచ్చిందంకుల్! రెండు అటెంప్టుల్లో నాకు ఏదీ రాలేదు. ఇది వచ్చింది!"

మర్నాడు అతని వెంట ముగ్గురు వచ్చారు. ఆ మర్నాటికి మెట్ల మీద చెప్పులు నిండాయి. నల్గొండ కుర్రాడు మల్లేశం వేలు పెట్టి, "ఏందన్నా గిట్ల గుంజుతున్నది! మా తాత మీదికి దేవరొచ్చినప్పుడు గిట్లనే ఊగేటోడు," అని రెండోసారి పెట్టాడు. శుక్రవారం సదాశివరావు ఆఫీసు నుంచి వస్తుంటే గేటు దగ్గర ఎవరో బీహార్ కుర్రాడు ఆపాడు. "భయ్యా, మూంగే వాలే బాబా యహీ రహ్‌తే హై క్యా?"

పగడాల బాబా ఇక్కడే ఉంటాడా అని అడుగుతున్నాడు. ఆ కాలనీలో ఇంకెవరైనా బాబా ఉన్నారేమోనని సదాశివరావు ఒక క్షణం ఆశపడ్డాడు. లేరు.

ఇంట్లోకి వెళ్ళి సుభాషిణి మీద పడ్డాడు. "తలుపెందుకు తీస్తాండావు? ఎవడికన్నా ఏమన్నా అయితే?"

"తీయక ఏం చేసేది? తీయకుంటే ఆయమ్మ పంపు వాపసు ఇయ్యమంటాది. 'పంపు నాది కదండీ' అని రోజుకు నాలుగుసార్లు చెప్పి పోతాంది. ఇచ్చేస్తా. ఇయ్యమంటారా?"

సదాశివరావు తొట్టి వైపు చూశాడు. హైదరాబాద్ అందులో ఊగుతోంది.

"జనం వచ్చినప్పుడు టైమర్ ఆపు."

"అదీ చేసినా. షాకు కొట్టకపోతే 'స్వామి అలిగినాడు' అని కూర్చుంటారు. వచ్చేదాకా లేయరు. నీళ్ళు ఆగితే పగడం చస్తాదని మీరే అంటిరి. మళ్ళా నేనే తిప్పల్ల." ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. చేత్తో బట్టలు ఉతికి వేళ్ళు ఒరిసిపోయాయి. "ఒక లాభముండాది. సంవత్సరానికి సరిపడా కందిపప్పు వచ్చింది."

సదాశివరావు అట్టముక్క తీసుకున్నాడు. పెద్ద అక్షరాలతో 'ముట్టుకోరాదు' అని తెలుగులోనూ, హిందీలోనూ రాశాడు. తొట్టికి తగిలించాడు. తెల్లారి ఆఫీసుకు వెళుతూ ఇంకోసారి చూసుకున్నాడు. అక్షరాలు గుమ్మం దగ్గరికి కూడా కనిపిస్తున్నాయి. వారం రోజుల్లో మనసు కుదుటపడింది అదొక్కసారే.

ఆ రోజు ఆ బోర్డు ముందుగా చూసింది ఛాయాదేవి.

"రావు గారు నయమండీ, మనకు తట్టలేదు," అంది, వచ్చినవాళ్ళందరితో. "ఇన్నాళ్ళూ మైలతోనే ముట్టుకున్నాం. ఇది మడి ఉన్న స్వామి. తలస్నానం చేసి, తడిబట్టతో రండి. తుడుచుకోకండి."

సాయంత్రం సదాశివరావు తలుపు తెరిచి కొయ్యబారిపోయాడు. గదిలో ఎనిమిది మంది కుర్రాళ్ళు ఉన్నారు. అందరూ తడి తువ్వాళ్ళతో ఉన్నారు. నీళ్ళు కారుతున్నాయి. ఢిల్లీలో చలి మొదలైంది కాబట్టి పళ్ళు కొట్టుకుంటున్నాయి. కాళ్ళకు చెప్పులు లేవు, నేల తడి. ఉదయ్‌కిరణ్ వేలు పెట్టి, మోకాళ్ళ మీద కూలబడి, "పవర్ పెరిగిందంకుల్!" అని అరిచాడు.

తడిబట్టతో కరెంటు ఇంకా బాగా పట్టుకుంటుందని సదాశివరావుకు తెలుసు. ఆ మాట చెబితే వీళ్ళు ఇంకో బకెట్ పోసుకుని వస్తారని కూడా తెలుసు. బోర్డు పీకేశాడు. దాన్ని ఛాయాదేవి తీసుకెళ్ళి తన పూజగదిలో పెట్టుకుంది.

మంగళవారం మళ్ళీ వచ్చింది. పరీక్షలకు ముందు అదే ఆఖరి మంగళవారం. భల్లా సాబ్ వచ్చేది ఆదివారం. ఈ ఒక్క రోజు గడిస్తే చాలని సదాశివరావు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. తలుపుకు గొళ్ళెం పెట్టాడు, దానికి బల్ల అడ్డం పెట్టాడు. పొద్దున్నే మెట్ల మీద కాళ్ళ చప్పుడు మొదలైంది. ఆగలేదు. కాసేపటికి కింది నుంచి ఛాయాదేవి గొంతు వినిపించింది. "పంపు నాది కదండీ!"

బల్ల తీశాడు.

మెట్లు నిండిపోయి ఉన్నాయి. తడి తువ్వాళ్ళు, తడి ధోవతులు. గదిలో పట్టేది పదిమంది. మిగతావాళ్ళకు ఎలాగన్న సమస్యకు ఉదయ్‌కిరణ్ ఉపాయం కనిపెట్టాడు. అతని ఆప్షనల్ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్.

"అంకుల్, అందరూ లోపలికి రానక్కర్లేదు. నేను నీళ్ళలో చెయ్యి పెడతాను. నా రెండో చెయ్యి మల్లేశం పట్టుకుంటాడు. అతని చెయ్యి ఇంకొకడు. అలా కింది దాకా. అందరికీ ఒకేసారి అందుతుంది."

"ఒద్దురా నాయనా! అది కరెంటు!" అన్నాడు సదాశివరావు. "మీ అందరికీ దండం పెడతా. ఒద్దు!"

"చూశారా, ఆయన దండం పెడుతున్నారు. పెట్టండి మీరూ," అంది ఛాయాదేవి.

చేతులు కలిశాయి. గది దాటాయి. గుమ్మం దాటాయి. ఒక అంతస్తు దిగాయి, ఇంకో అంతస్తు దిగాయి. సదాశివరావు ప్లగ్గు పీకడానికి పరుగెత్తాడు. మధ్యలో కందుల మీద కాలు జారి సోఫాలో పడ్డాడు. ఉదయ్‌కిరణ్ చెయ్యి నీళ్ళలోకి వెళ్ళింది.

"వచ్చిందా?" అని గదిలో అడిగారు. "జర జర వస్తున్నది," అన్నాడు మల్లేశం. మెట్ల మీద నుంచి మూలుగులు వినిపించాయి. అంతలో కింది నుంచి ఒక కేక వచ్చింది. అది కుర్రాడి కేక కాదు. బరువైన కేక. గొలుసంతా ఒక్కసారి గుంజుకుంది. ఉదయ్‌కిరణ్ గోడకు కొట్టుకున్నాడు. మెట్ల మీద ఎవరి మీదెవరో పడిన చప్పుడయింది.

ఆ తర్వాత బూట్లు మెట్లు ఎక్కుతున్న చప్పుడు వచ్చింది. ఆ కాలనీలో ఆ పూట బూట్లతో ఉన్న మనిషి ఒక్కడే.

భల్లా సాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. టై భుజం మీద ఉంది. జర్మనీలో పని ముందే అయిపోయింది. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వెళ్ళే దారిలో మూంగాను చూసి పోదామని ఆగాడు. చీకటి మెట్ల దగ్గర ఇనుప రెయిలింగు పట్టుకున్నాడు. వరసలో ఆఖరున ఉన్న కుర్రాడు, 'అంకుల్, జల్దీ హాథ్ పకడియే, మంగళ్‌వార్ హై' అని ఆయన రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఇనుప రెయిలింగు భూమిలోకి దిగి ఉంది. ఆ ఇంట్లో ఎర్త్ ఉన్నది దానికొక్కదానికే.

భల్లా సాబ్ గది చూశాడు. తడి తువ్వాళ్ళ కుర్రాళ్ళను చూశాడు. పట్టుచీర కట్టిన ఛాయాదేవిని, నేల మీద కందులను, గోడ వెంబడి పేర్చిన ఎర్రగుడ్డలను చూశాడు. చపాతీ పీటను, దానికి బిగించిన వాషింగ్ మిషన్ మరను చాలాసేపు చూశాడు. అంతలో పావుగంట అయింది. కిర్రుమని గంట కొట్టింది. సుభాషిణి అలవాటుగా వచ్చి మర తిప్పి, తల ఎత్తి ఆయన్ను చూసి, అక్కడే నిలిచిపోయింది.

"సర్," అన్నాడు సదాశివరావు సోఫాలోంచి.

భల్లా సాబ్ తొట్టి దగ్గరికి నడిచాడు. సదాశివరావు కళ్ళు మూసుకున్నాడు. ఉద్యోగం పోయింది, హైదరాబాద్ పోయింది. బహుశా పోలీసులు కూడా వస్తారు.

"యే ఖుల్ గయా," అన్నాడు భల్లా సాబ్. ఇది విచ్చుకుంది అని.

సదాశివరావు కళ్ళు తెరిచాడు. భల్లా సాబ్ గాజుకు ముక్కు ఆనించి చూస్తున్నాడు. పది రోజుల కిందట రాళ్ళ మీద ఉన్న గడ్డలు ఇప్పుడు గడ్డలు కావు. ఒక్కొక్కటీ వేళ్ళు చాపింది. వందల వేళ్ళు. అల ఇటు కొడితే ఇటు, అటు కొడితే అటు ఊగుతున్నాయి. ఊరంతా వచ్చి పోతున్నా ఈ సంగతి ఎవరూ చూడలేదు. అందరూ వాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నారు.

"దో సాల్," అన్నాడు భల్లా సాబ్. రెండేళ్ళుగా మూసుకునే ఉంది. జర్మన్ యంత్రం నీళ్ళను ఒకే తీరులో తిప్పేది. జర్మనీ వాళ్ళను అడిగితే అలలు సరిగా లేవన్నారు. అసలు సముద్రంలో అల ఒకసారి కొడుతుంది, ఆగుతుంది, తిరిగి కొడుతుంది, అలా ఉండాలన్నారు. "రావ్ సాబ్, యే ఆప్‌నే కైసే కియా?"

"కూలర్ పంప్ సర్. వాషింగ్ మిషన్," అన్నాడు సదాశివరావు.

భల్లా సాబ్ తన చేతిని చూసుకున్నాడు. తర్వాత సదాశివరావును కౌగలించుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆయన మనిషిని పంపి ఇంటికి ఎర్త్ వేయించాడు. మర్నాడు వచ్చినవాళ్ళు వేళ్ళు పెట్టారు. ఏమీ కాలేదు. రెండు చేతులూ పెట్టారు. ఏమీ కాలేదు. "ఆ పంజాబీ ఆయన మడి లేకుండా ముట్టుకున్నాడు కదండీ, స్వామి వెళ్ళిపోయాడు," అని ఛాయాదేవి తేల్చింది. పంపు వాపసు మాత్రం అడగలేదు.

ఇంట్లో ఆ వారం పండగ ముందే వచ్చింది. సుభాషిణి అనంతపురం ఫోన్ చేసి చెప్పింది. హైదరాబాద్‌లో ఇల్లు చూడమని తమ్ముడికి చెప్పింది. ఇషితకు 'అ ఆ'లు మొదలుపెట్టింది.

దీపావళి అయ్యాక వచ్చిన సోమవారం భల్లా సాబ్ ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. ముందు సాయిప్రకాష్‌తో కరచాలనం చేశాడు. "హైదరాబాద్ ఆప్ సంభాలియే." హైదరాబాద్ నువ్వు చూసుకో అని.

సదాశివరావు తను తప్పుగా విన్నాననుకున్నాడు. "సర్?" అన్నాడు.

"ఆప్‌కో కైసే భేజూ?" అన్నాడు భల్లా సాబ్. నిన్ను ఎలా పంపుతాను? ఆయన బల్ల మీద ఇంటి ప్లాను పరిచాడు. వసంత్ విహార్ ఇంట్లో హాలు గోడ మొత్తం తొట్టి కట్టిస్తున్నాడు. గుర్‌గావ్‌లో తమ్ముడు ఒకటి పెట్టిస్తున్నాడు. ఆఫీసు రిసెప్షన్‌లో ఇంకొకటి. అన్నిటికీ రావ్ సాబ్ అలలే కావాలి. "మేనేజర్లు ఎంతమందైనా దొరుకుతారు రావ్ సాబ్. సముద్రం తెలిసినవాడు ఒక్కడే దొరికాడు."

సదాశివరావు లేచి నిలబడ్డాడు. ఇంక దాచి లాభం లేదు. "సర్, మై అనంతపూర్ కా హూ. వహా సముందర్ నహీ హై. పీనే కా పానీ భీ నహీ హై. తాగడానికే నీళ్ళు లేని ఊరు సర్, సముద్రాన్ని నేను చూడనే లేదు. అసలైన సముద్రం మనిషి ఇతనే. వైజాగ్ వాడు."

సాయిప్రకాష్ మ్యాపు వైపు చూశాడు. భల్లా సాబ్ సదాశివరావు వైపు చూశాడు, మెల్లిగా నవ్వడం మొదలుపెట్టాడు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"దేఖో సాయి, ఇసే కహ్‌తే హై బడప్పన్. పెద్ద మనసంటే ఇదీ. ఇంత చేసి, నాకేమీ రాదంటున్నాడు. పేరు కూడా నీకే ఇస్తున్నాడు!"

సాయిప్రకాష్ బయటికి వచ్చాక సదాశివరావు చెయ్యి పట్టుకున్నాడు. "ఏమీ అనుకోకండి గురూ గారూ. చేప కూర తినకుండా నేనూ రెండు వారాలు ఉన్నానండీ."

ఇంటికి వెళ్ళి చెప్పినప్పుడు సుభాషిణి చేతిలోని బట్ట మడత పూర్తి చేసి పక్కన పెట్టింది. ఇషిత పలక తెచ్చి 'ఇ' చూపించి, "మమ్మీ, యే ఠీక్ హై?" అని అడిగింది. "ఠీక్ హై," అంది సుభాషిణి.

వారం తర్వాత సాయిప్రకాష్‌ను సాగనంపడానికి ఆఫీసంతా న్యూఢిల్లీ స్టేషనుకు వెళ్ళింది. సదాశివరావు అతని పెట్టె ఒకటి మోశాడు. హైదరాబాద్ వెళ్ళే ఎ.పి. ఎక్స్‌ప్రెస్ ఆ రోజు ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా బయలుదేరలేదు.